చెక్క కింది రెండక్షరాలు

పార్లమెంటు సభ్యుడు ట్రౌట్‌వైన్ బాతుకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కాడు. తుపాకీ వెనక్కి పేలింది. బాతు బతికింది.

వారం తర్వాత, మ్యూనిక్ శివార్లలో బోర్డు లేని ఆఫీసులో, డాక్టర్ ఓస్టర్‌టాగ్ ఏజెంట్ హార్టుంగ్ ముందు ఫోటోలు పరిచాడు. ముందు బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద ఫోటోలు పరిచాడు. బల్లకి గీతలు పడకూడదు కదా.

"జర్మన్ డబుల్ బ్యారెల్. చూడ్డానికి తాతల కాలం నాటిది. ల్యాబు వాళ్లేమో ఉక్కు నిరుడిది అంటున్నారు. కంపెనీ పేరు లేదు. నంబరు ఒకటి అని మాత్రం చెక్కి ఉంది."

"అయితే రెండు కూడా ఉండాలి."

"ఉంది. నవంబరు మూడు, శనివారం, వేటగాళ్ల పండగ. మధ్యాహ్నం సరిగ్గా రెండింటికి ట్రౌట్‌వైన్ క్లబ్బు వాళ్లు పన్నెండు మంది ఆయన జ్ఞాపకార్థం గాల్లోకి కాలుస్తారు. ఆ పన్నెండు తుపాకుల్లో ఒకటి అదే. నంబరు గీకేసి వేలంలో అమ్మారు."

"అన్నీ లాగేసుకుంటే పోలా?"

"అడిగాం. పన్నెండు మందీ 'మా తాతగారి తుపాకీ' అన్నారు. వేలంలో కొన్నానని ఒక్కడు ఒప్పుకుంటే ఒట్టు. బలవంతం చేస్తే కోర్టుకెళ్తారట."

"ప్రాణం పోతుందని చెప్పారా?"

"చెప్పాం. ప్రాణం సంగతి తర్వాత, ముందు పరువు అన్నారు. చేసినవాణ్ణి పట్టుకో హార్టుంగ్. రెండోదాని గుర్తు వాడికే తెలుసు."

తూర్పు జర్మనీలో తుపాకులు చేసే ఊరు జూల్. హార్టుంగ్ ఆస్ట్రియా నుంచి వచ్చిన రిటైర్డ్ భూగోళం మాస్టారి వేషం వేశాడు. వారసత్వంగా వచ్చిన తుపాకీ ఎవరు చేశారో తెలుసుకోవాలన్నది అతని కథ. నెత్తిన విగ్గు, చేతిలో థర్మాస్. థర్మాస్‌లో పైన కాఫీ, అడుగున వైర్‌లెస్. వీసా మాత్రం శనివారం పొద్దుటికి గానీ రాలేదు.

మ్యూజియంలో ఐసోల్డె అతని కోసమే నిలబడి ఉంది. ఎర్ర కోటు, పారిస్ సెంటు.

"ఈ వారం మెట్లు కడిగే వంతు ఎవరిది?" అన్నాడు హార్టుంగ్.

"మాది కాదు, పైవాళ్లది," అంది ఐసోల్డె.

కోడ్ సరిపోయింది. జర్మనీలో ఏ మేడలో అడిగినా ఇదే జవాబు వస్తుంది. కిందటి నెల ఒక ఏజెంటు ఇలాగే ముక్కూమొహం తెలియని ఇల్లాలికి మైక్రోఫిల్మ్ అప్పగించి వచ్చాడు.

ఐసోల్డె సోమవారం నుంచి బుధవారం దాకా పశ్చిమానికి, మిగతా రోజులు తూర్పుకి పనిచేస్తుందని ఆఫీసుకి తెలుసు. ఈ ఒక్క శనివారానికి సర్దుకుంటుందని ఆశపడ్డారు.

ఆమె ఫోటోల మీద భూతద్దం పెట్టింది. "పైన ఉండే పేరు కొట్టువాడిది మాస్టారూ. చేసినవాడు బ్యారెల్ కింద, చెక్క విప్పితే తప్ప కనపడని చోట, రెండక్షరాలు కొడతాడు. కొన్నవాడికి తెలీదు, అమ్మినవాడికి తెలీదు. అది కొట్టకుండా ఇక్కడ ఎవరి చెయ్యీ పని ముగించదు, దొంగపనైనా సరే." ఉన్నట్టుండి ఆమె భూతద్దం దించేసింది. "ఏ.కె. ఆగస్ట్ కెస్సెల్."

"ఇల్లెక్కడ?"

"ఇల్లుంది. మనిషి నలభై ఏడులో పోయాడు."

ఒంటిగంటన్నరకి ఇద్దరూ ఆ ఇంటి మెట్లెక్కుతుంటే ఆకురాయి చప్పుడు వినబడింది. ఇనుము మీద నెమ్మదిగా, ఓపిగ్గా సాగుతోంది. తలుపు మీద అపార్ట్‌మెంటు కమిటీ నోటీసు: "ఒంటిగంట నుంచి మూడింటి వరకు నిశ్శబ్దం పాటించాలి. ఈ నియమం చనిపోయినవారికి కూడా వర్తిస్తుంది."

తలుపు తీసింది కెస్సెల్ భార్య వాల్‌బుర్గా. ఎనభై ఏళ్లుంటాయి. ఆదివారం ఉండల కోసం బంగాళాదుంప పిండి కలుపుతోంది. రెండు చేతులూ మోచేతుల దాకా పిండే. లోపలి గదిలో ఆకురాయి మాత్రం ఆగలేదు.

"లోపల ఎవరమ్మా?"

"మా ఆయన. ట్రౌట్‌వైన్ పోయిన రోజు నుంచీ మొదటి తుపాకీ మళ్లీ చేస్తున్నాడు నాయనా. సరిగ్గా చేస్తే ఆ మనిషి లేచొస్తాడనుకుంటున్నాడు కాబోలు. నాతో మాట్లాడ్డంలేదు."

హార్టుంగ్ విగ్గు కింద చెమట పట్టింది. "నిరుటి ఉక్కుతో ఆ రెండూ చేసింది మీరేనా?"

"మనవడు జైల్లో ఉన్నాడు. చేస్తే వదిలేస్తామన్నారు ఇక్కడి పోలీసులు. చేశాను."

"రెండోదాని గుర్తు చెప్పండమ్మా. ఇంకో పావుగంటలో ఒక మనిషి చస్తాడు."

ఆమె మూసిన తలుపు వైపు చూసింది. "ఎడమచేతివాటం వాడి కోసం చేశాను. భుజానికి ఆన్చే వెనక కర్ర ఎడమకి వంచి ఉంటుంది."

హార్టుంగ్ థర్మాస్ మీద చెయ్యి వేశాడు. వీపుకి పిస్తోలు తగిలింది.

"కాఫీ వద్దులెండి మాస్టారూ," అంది ఐసోల్డె. "ఇవాళ శనివారం. ముసలమ్మా, మనవడు కావాలా వద్దా? ముందు ఆ ఆకురాయి ఆపమను. లోపలున్నది ఎవడు?"

"చెప్పాగా తల్లీ."

"నేను పార్టీ సభ్యురాల్ని. దెయ్యాల్ని నమ్మడానికి నాకు పర్మిషన్ లేదు." పిస్తోలు హార్టుంగ్ మీద నుంచి కదల్చకుండానే ఐసోల్డె కాలితో తలుపు తన్నింది.

గదిలో ఎవరూ లేరు. వైస్‌లో బ్యారెల్ బిగించి ఉంది. దాని మీద ఆకురాయి ఒంటరిగా ముందుకి వెళ్లింది, వెనక్కి వచ్చింది. ఇనుప రజను నేల మీద రాలింది. తర్వాత ఆకురాయి ఆగింది, ఎవరో తలెత్తి చూసినట్టు.

ఐసోల్డె గిరుక్కున వెనక్కి తిరిగింది. మెట్ల మీద ఆమె మడమల చప్పుడు మూడో అంతస్తు నుంచి వీధి దాకా వినబడింది.

ఒంటిగంట యాభై ఎనిమిది. హార్టుంగ్ వైర్‌లెస్ కబురు అందింది. క్లబ్బు మైదానంలో బ్యాండు మొదలైంది. ఎడమచేతివాటం వాడు ఒక్కడే, నోటరీ వీగాండ్. ఆయన వేలు ట్రిగ్గర్ మీద పడేలోగా అటవీ గార్డు వెనకనుంచి తోసి బురదలో పడేశాడు. కోటు పాడైందని వీగాండ్ ఇప్పటికీ ఉత్తరాలు రాస్తున్నాడు.

వాల్‌బుర్గా చేతులు కడుక్కుంది. "రిపోర్టులో ఎవరి పేరు రాస్తావు?"

"ఎవరిది రాయమంటారు?"

"ఆయన బతికున్నప్పుడు సగం పని నాది, పోయాక మొత్తం నాదే. ఆడదానికి ముద్ర ఇచ్చేది లేదన్నారు, అందుకే ఆయనది కొట్టాను. ఒక్కచోటైనా నా పేరు చూసుకోవాలని ఉంది నాయనా."

"రాస్తే మీరు నోరు విప్పారని ఇక్కడివాళ్లకి తెలిసిపోతుందమ్మా. మీ మనవణ్ణి బతకనివ్వరు. దెయ్యాన్ని చూసి పారిపోయానని ఐసోల్డె ఎలాగూ రాసుకోలేదు, ఇంట్లో ఎవరూ లేరని రాస్తుంది."

ఆమె చేతులు తుడుచుకుంది. "సరే, ఆయన పేరే రాయి. అలవాటైన పనే."

సోమవారం ఓస్టర్‌టాగ్ రిపోర్టు రెండుసార్లు చదివాడు. "తయారీదారు ఆగస్ట్ కెస్సెల్. మరణం 1947. ఇది నమ్మమంటావా?"

"మీరు సంతకం పెట్టండి చాలు, డాక్టర్ గారూ. నమ్మడం వేరే శాఖ పని."