సలాలాలో సద్దుల బతుకమ్మ

మొగిలి వ్యాను సీటు మీద కూర్చున్నాననే అనుకున్నాడు. కూర్చున్నాక కింద మెత్తగా, చల్లగా తగిలింది.

"లేవుండ్రి. జల్ది లేవుండ్రి."

లేచి చూస్తే తడిగుడ్డలో మూటగట్టిన పూలు. చపాతీలా అణిగిపోయి ఉన్నాయి. పక్కన నిలబడ్డ అమ్మాయి మూటను కాదు, అతన్నే చూస్తోంది. మొగిలి గబగబా మూటను సర్దబోయాడు.

"సద్దుల బతుకమ్మ పూలు ఇవి. మస్కట్ల పూలు దొరుకుడే కష్టం. మా హాస్టల్ చుట్టు తిరిగి తిరిగి తెంపుకచ్చిన."

"పూలకు గూడ సీటు రిజర్వ్ చేసిన్రని నాకేం తెలుసు?"

"రిజర్వ్ సీట్ల కూసున్నది ఎవరు మరి?"

ముందు సీట్లోంచి శ్యామలమ్మ పకపకా నవ్వింది. "తమ్మీ, మా ఆడబిడ్డ సరోజన. నర్సు నౌకరికి మొన్ననే వరంగల్ నుంచి వచ్చింది. సరోజనా, ఈయన మొగిలి, కాశిబుగ్గ పిలగాడు. జర మాఫ్ చెయ్యి, మంచోడే."

సరోజన మాఫ్ చేసినట్టు కనబడలేదు. వ్యాను ఎడారి దాటేదాకా మూటను ఒళ్ళోనే పెట్టుకుంది.

ఆ యేడు, అంటే ఎనభై ఒకటిలో, బక్రీదు సెలవులూ సద్దుల బతుకమ్మా కలిసొచ్చాయి. మస్కట్‌లోని వరంగల్ వాళ్ళంతా కలిసి సలాలా సముద్రం ఒడ్డుకు బయల్దేరారు. శ్యామలమ్మ భర్త లింగమూర్తి సూపర్‌వైజరు. ఆయన కింద మొగిలి ఏసీ మెకానిక్కు. దేశంకాని దేశం వచ్చిన మొదటి ఎండాకాలంలోనే మొగిలికి పచ్చకామెర్లు పట్టుకుంటే, శ్యామలమ్మ ఇంటికి తెచ్చుకుని, లేచి తిరిగేదాకా మజ్జిగన్నం కలిపి పెట్టింది. అప్పటినుంచీ ఆమె అక్క, ఆయన బావ. అక్క మాటను మొగిలి ఒక్కసారి కూడా కాదనలేదు.

సలాలా చూడగానే అందరికీ ప్రాణం లేచి వచ్చింది. ఎటు చూసినా కొబ్బరిచెట్లు, అరటితోటలు, తెల్లటి ఇసుక. ఆడవాళ్ళు వంటపని మానేసి నీడన కాళ్ళు చాపుకున్నారు. మగవాళ్ళు ఇసుకలో కబడ్డీ ఆడారు. కూతకు వెళ్ళిన లింగమూర్తి చీలమండ మడతపడి కూలబడ్డాడు. సరోజన కట్టు కట్టింది, మొగిలి కాలు పట్టుకున్నాడు.

"అంత గట్టిగ పట్టుకున్నరేంది? కాలు మీది కాదు గద," అంది సరోజన తల ఎత్తకుండానే.

మర్నాడు పొద్దున మొగిలి కనబడలేదు. ఎండ ఎక్కాక వచ్చాడు, నెత్తి మీద గంపతో. గన్నేర్లు, కాగితం పూలు, తంగేడుకు చుట్టాల్లాంటి పసుపు పూలు, అడుగున అరటాకులు. తోట యజమాని అయిన అరబ్బు పెద్దాయనకు పండగ సంగతి సైగలతో చెబితే, తనకూ పండగే గదా అంటూ దగ్గరుండి కోయించాడట.

సరోజన గంపలోకి తొంగిచూసింది. "ఈసారి కూసోలే గద?"

"సూస్తలేరా? నెత్తి మీద పెట్టుకొచ్చిన."

ఆమె నవ్వింది. మొగిలి పని అయిపోయింది. ఇక అతను సముద్రం వైపు చూసినా, కొబ్బరినీళ్ళు తాగినా, మనసంతా ఆ నవ్వు దగ్గరే.

సద్దులనాటి సాయంత్రం ఇసుక మీద పళ్ళెంలో పేర్చిన బతుకమ్మను నిలిపి ఆడవాళ్ళు చప్పట్లతో తిరిగారు. పాటలు అయ్యాక సాగనంపాలి. సరోజన వాళ్ళ ఇంట్లో ఆడపిల్ల బతుకమ్మను నీళ్ళలోకి మోసుకెళ్ళేది అన్నే. లింగమూర్తేమో కట్టుకాలితో కుర్చీలో ఉన్నాడు.

శ్యామలమ్మ పిలిచింది. "తమ్మీ, మీ బావ కాలు జూస్తివి గద. ఈయేడు సరోజనకు నువ్వే అన్నవనుకో. జర తీస్కపో."

మొగిలి కాళ్ళు ఇసుకలో దిగబడ్డాయి. ఆ పళ్ళెం అందుకుంటే ఇంతమంది ముందు అన్న అయిపోతాడు. రేపు రాఖీ పండక్కి రాఖీ కూడా కడుతుంది. అందుకోకపోతే, మజ్జిగన్నం పెట్టిన చేతిని కాదన్నవాడవుతాడు.

"నాతోని కాదక్కా," అన్నాడు చివరికి.

శ్యామలమ్మ మొహం చిన్నబోయింది. "గింత పనికే కాదంటివా," అని మాత్రం అంది. ఆ మాట మొగిలి గుండెల్లో గుచ్చుకుంది.

"వద్దులే వదినా. మంది కాళ్ళు పట్టుకునుడు మనకెందుకు," అని సరోజన పళ్ళెం ఎత్తుకుని తనే అలల్లోకి నడిచింది.

వరంగల్లో చెరువు నీళ్ళు బతుకమ్మను మెల్లగా లోపలికి తీసుకుంటాయి. ఇక్కడ వదలగానే అల వచ్చి బతుకమ్మను తిరిగి ఆమె కాళ్ళ దగ్గరే పెట్టింది. మళ్ళీ వదిలింది. ఈసారి అల ఆమెనే పడగొట్టింది.

మొగిలి ఉరికాడు. ఒక చేత్తో సరోజనను, ఇంకో చేత్తో బతుకమ్మను పట్టుకున్నాడు.

"కాదంటిరి గద. మల్లెందుకచ్చిండ్రు?"

"అన్నగా కాదన్న. మోసుడు కాదనలే."

"అన్న అయితే ఏమైతది?"

"వ్యాన్‌ల నుంచి ఇప్పటిదాక నేను మీ గురించి అనుకున్నయన్ని పాపమైతయి."

సరోజన మొహం మీది ఉప్పునీళ్ళు తుడుచుకుంది.

"ఏమంటాండే?" ఒడ్డునుంచి కేకేసింది శ్యామలమ్మ.

సరోజన అటు తిరిగి గొంతెత్తింది. "వదినా, ఈయన నీకేమైతడు?"

"తమ్ముడు. ఇంకేమైతడు?"

"నీకు తమ్ముడైతే నాకు అన్న ఎట్లయితడు? బావయితడు గద."

ఒడ్డున అందరూ ఒక్కసారే నవ్వారు. "రెండేండ్ల సంది నన్ను బావా బావా అంటాండు. ఇయ్యాల పనికొచ్చింది," అన్నాడు లింగమూర్తి, కట్టుకాలు మరిచి లేవబోతూ.

ఇద్దరూ కలిసి అలలు విరిగే చోటు దాటి వదిలారు. ఈసారి బతుకమ్మ వెనక్కి చూడకుండా సాగిపోయింది.

తడిబట్టలతోనే మొగిలి శ్యామలమ్మ కాళ్ళు మొక్కాడు. "నీ మాట కాదన్న అక్కా. మాఫ్ చెయ్యి."

"కాదన్నవు కాబట్టే బతికినం రా. లేకుంటే నా నోటితోనే చెడగొడుదును," అని రొట్టె, బెల్లం కలిపి నలిపిన మలీద ముద్ద అతని చేతిలో పెట్టింది. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి.

మరుసటి ఎండాకాలం కాశిబుగ్గలో పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు అక్కగా శ్యామలమ్మ ఆడబిడ్డ చీరకు పట్టుపట్టింది. ఆడపిల్ల తరఫు పెద్ద లింగమూర్తే కాబట్టి సొంత మొగుడి దగ్గరే గుంజుకుంది.

విందులో సరోజన మొగిలి విస్తట్లో మజ్జిగన్నం వడ్డించింది. "మీకు ఇదంటే పానమంట గద, వదిన చెప్పింది."

నిజానికి ఆ కామెర్లప్పుడు తిని తిని మజ్జిగన్నమంటేనే మొగిలికి మొహం మొత్తింది. విస్తరి అవతల శ్యామలమ్మ తననే చూస్తోంది. మొగిలి మెతుకు మిగల్చకుండా తిని, ఇంకొంచెం పెట్టమని అడిగాడు.