ఊడ్పు కణాలకు పని

"మీగడంతా నువ్వే తినీసినావేట్రా?" అంటూ వరహాలమ్మ పాలగిన్నె వంచి కొడుక్కి చూపించింది.

"వేలెడంతే తీసుకున్నానమ్మా!" అన్నాడు కౌండిన్య.

"ఆ వేలెడూ నాకుంచకూడదేటి? లివరు బాగయింది కదా!"

అంతలో ఆమె ముంజేతి పట్టీ పలికింది. "మృతకణాలు నిన్నటికంటే ఎక్కువ. ఊడుస్తున్నాం."

కోడలు ఇందుప్రియ ఉలిక్కిపడింది.

2074లో విశాఖలో ఏడువందల మంది చేతులకు అలాంటి పట్టీలున్నాయి. వాళ్ల ఒంట్లో ఉన్నవి ఇందుప్రియ రూపొందించిన ఊడ్పు కణాలు; అవి చేసే పనిని పట్టీ వాటి మాటగా చెబుతుంది. శరీరంలోని రక్షక కణాలైన మాక్రోఫేజ్‌లకే ఆమె కొత్త శిక్షణ ఇచ్చింది. అవి కాలేయంలో చచ్చిన కణాలను మింగుతాయి. ఆ తర్వాతే కొత్తవి పెరగమని పక్క కణాలకు కబురు పంపుతాయి. కామెర్లతో పాడైన అత్తగారి కాలేయం వాటివల్లే మూడు నెలల్లో కోలుకుంది.

మరి ఇప్పుడు చచ్చినవి ఎక్కడివి? బతికున్నవాటినే మింగుతున్నాయా? అదే నిజమైతే ఏడువందల ప్రాణాలకూ ముప్పే.

"బతికున్న కణాలను ముట్టుకున్నారా?" అని పట్టీని అడిగింది.

"లేదు. మేం వెళ్లేసరికే చచ్చి ఉంటున్నాయి. నొప్పి మాత్రల విషం కనిపిస్తోంది."

"మాత్రలా! అత్తయ్యా, ఎన్ని వేసుకుంటున్నారు?"

వరహాలమ్మ కొంగు సర్దుకుంది. "పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని."

"నొప్పెక్కడ?"

"నొప్పేటి నొప్పి! పోయిన నెలంతా నీ పట్టీయే 'ఈరోజు పని లేదు' అంది. పన్లేపోతే పనోళ్లు నిలుస్తారేటి? పక్కింటికి ఎల్లిపోరూ? మళ్లీ జబ్బు చేస్తే నాకు దిక్కెవరు? అందుకే రోజూ కాస్త పని ఎట్టినాను."

కౌండిన్య తల్లిని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తేరుకుని, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

ఇందుప్రియ ప్రయోగశాలకు పరుగెత్తి, అందరి పట్టీల లెక్కలుండే యంత్రాన్ని అడిగింది. "కోలుకున్నాక మృతకణాలు పెరిగినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"

"మూడువందల పన్నెండు మంది."

వాళ్లలో ఒక రిటైరైన లెక్చరర్‌కు ఫోన్ చేస్తే, "వాటికి అలవాటు తప్పకూడదు కదమ్మా, అందుకని రోజూ ఓ రెండు పెగ్గులు" అన్నాడాయన, అందులో తప్పేముందో అర్థం కానట్టు.

రెండు రోజులకు, విరుగుడు మందుతో గట్టెక్కిన వరహాలమ్మ ఇంటికొచ్చింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇందుప్రియ అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"రేపటి నుంచి ఏ పట్టీ 'పని లేదు' అనదు. 'చేతినిండా పని ఉంది' అంటుంది."

"రోగులకు అబద్ధం చెబుతావా?" అన్నాడు కౌండిన్య. "దాని నోరు మూయిస్తే సరిపోదూ?"

"మూయిస్తే కణాలు పారిపోయాయనుకుంటారు. నిజం చెప్తే ఏమైందో చూశావుగా."

వరహాలమ్మ ముద్ద కలపడం ఆపింది. "మరి నా పట్టీ?"

"మీకు నిజం తెలిసిపోయింది కదా అత్తయ్యా!"

"తెలిస్తే తెలిసింది. నాకూ అలాగే చెప్పించమ్మా. లేపోతే నా చెయ్యి ఊరుకోదు."