తూము కాడ పట్టేసిన మోటారు

ధర్మవరం అవతల మా చెరువులో, చీకటి పడితే పాత తూము వైపు పడవ పోనిచ్చేవాళ్ళు కాదు. ఎప్పుడో మునిగిపోయిన ఒకామె జుట్టు విరబోసుకుని అక్కడ నీళ్ళ అడుగున కూర్చుంటుందట. తెడ్డు వేసుకుని పోయేవాళ్ళ జోలికి రాదు... మోటారు పడవనే పట్టుకుంటుంది. దయ్యానికి మోటారు మీద ఎందుకంత కక్షో అని మా అవ్వను ఆటపట్టించేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు.

చేపల సంఘం వాళ్ళు కోస్తా నుంచి తెచ్చిన పాత పడవ మోటారు అది. దానికి ఊపు తెప్పించాలని ఆశీర్వాదం రాత్రీపగలూ తంటాలు పడ్డాడు. బోరు మోటార్ల మెకానిక్కు. మసి గీకాడు, ప్లగ్గులు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, పెట్రోల్లో ఆయిలు పాళ్ళు సరిచేశాడు. ఒడ్డున గర్జించేది. తూము దగ్గరికొస్తే మూలిగేది.

రెండు వేల ఐదు వానలకు రోడ్డు తెగిపోయింది, నెల దాటినా బాగుచెయ్యలేదు. ఒక రాత్రి మగ్గమోళ్ళ కోడలు పావనికి నొప్పులు... బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. తెడ్లతో ఆస్పత్రి ఒడ్డుకు రెండు గంటలు. అంతసేపు ఆమె ఆగేలా లేదు. చెరువంతా మునిగిన కంపచెట్లు, దారి తూము మీదుగానే.

ఆశీర్వాదం మోటారు తీశాడు. అత్త ఆదిలక్ష్మమ్మ పావని తలను ఒళ్ళో పెట్టుకుంది.

తూము వచ్చింది. మోటారు మూలిగింది... ఆగిపోయింది.

"ఏమబ్బా?" అంది ఆదిలక్ష్మమ్మ.

"ఎవరో పట్టుకోనుండారమ్మా..."

మోటారును పైకెత్తి, నీళ్ళలో తిరిగే ఫ్యాను తడిమాడు. చేతికి తగిలింది — తడిగా, మెత్తగా, మూరల పొడుగు. గుప్పెడు ఊడి పడవలో పడింది. టార్చి వెలుగులో నల్లగా ఉంది. ఆదిలక్ష్మమ్మ కళ్ళు మూసుకుంది.

పావని పళ్ళు బిగబట్టి, దాన్ని అందుకుని రెండు వేళ్ళ మధ్య నలిపింది.

"అన్నా... ఇది వెంట్రుక కాదు. పట్టు."

"ఏమంటాండావు?"

"ఏడేండ్లుగా మగ్గానికి పట్టు కండెలు చుడతాండా. నా వేళ్ళకు తెలీదా? కొయ్యి, బిరీన."

రంగు అద్దేవాళ్ళు తూము మెట్ల మీద పట్టు ఉతుకుతారు. తెగిన పోగులన్నీ అక్కడే చేరతాయి. పోయినప్పుడల్లా ఫ్యాను కొంత చుట్టుకుంటూనే ఉంది. నీళ్ళు పైకి తోడే మోటార్లే ఎరిగినవాడు ఇంజనంతా విప్పాడు గానీ, ఫ్యాను వెనక ఒక్కసారీ చూడలేదు.

కొడవలితో కోసి, మోటారు స్టార్టు చేసే తాడు లాగాడు. మోటారు ఎగిరి దూకింది.

తెల్లారకముందే ఆస్పత్రిలో బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆశీర్వాదం వరండాలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరు ఓదార్చినా ఆగలేదు.

అంతకు నెల ముందు, రోడ్డు తెగిన వారానికే, పాము కరిచినామెను ఇదే మోటారుతో తీసుకుపోయాడు. తూము దగ్గర ఆగిపోయింది. దయ్యం పట్టిందని భయపడి, ఫ్యాను మీద చెయ్యి కూడా వెయ్యకుండా తెడ్లతో వెనక్కి తిప్పాడు. ఆమె పడవలోనే పోయింది.

ఆమె పేరు రూతమ్మ. అతని భార్య.