బతూల్ ఒంట్లోకి వచ్చిన అతిథి

సూర్యుడు అస్తమించకముందే చీకటి కమ్ముకుంది... ఎడారి మీది నుంచి లేచిన ఎర్రటి ధూళిమేఘం ఒమ్‌దుర్మాన్ నగరాన్ని వీధి వెంట వీధిగా మింగుతోంది! ఆ ఘోర సంధ్యలో, తలుపులు బిగించిన గదిలో, మాంత్రికుడు బాబికిర్ హైనా కపాలానికి మేక నెత్తురు పూసి క్షుద్రావాహన మొదలుపెట్టాడు.

ఒకప్పుడు ఊరంతా అతడి గడపే తొక్కేది. ఇప్పుడు అందరూ మనోవైద్యురాలు ఇఖ్లాస్ ఇంటికే! ఆవిడ వైద్యకళాశాలలో చదివింది, పిచ్చాసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసింది. అది చాలదన్నట్టు, ఒంట్లో చేరిన ఆత్మలను డప్పు వాయించి శాంతింపజేసే జార్ తంతు నడిపే అమ్మమ్మ దగ్గర డప్పు కూడా నేర్చింది. మాటలు, నిద్ర, తిండి, ఇంటివాళ్లతో పొత్తు, డప్పు... మనిషికి ఏవి అవసరమైతే అవన్నీ కలిపి నయం చేస్తుంది.

అదైనా ఓర్చుకునేవాడేమో. కానీ అతడి భార్య బతూల్ కూడా అక్కడికే వెళుతోంది. బిడ్డ పోయినప్పటి నుంచి కన్ను మూయని మనిషి, ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది.

"నా తాయెత్తు మీద నమ్మకం పోయిందా?" అని పొద్దున అడిగాడు.

"పోవడానికి ఎప్పుడుందయ్యా?" అని ఆమె తోబ్ చెంగు సర్దుకుని వెళ్లిపోయింది.

"పో! దాని ఒంట్లో దూరు! ఆ డాక్టరు కళ్ల ముందే దాన్ని చంపు!" అని కపాలంలోని ప్రేతాన్ని ఆజ్ఞాపించి, ఆ చావు కళ్లారా చూడాలని ధూళిలో పడి ఇఖ్లాస్ ఇంటి కిటికీ దగ్గరికి చేరాడు.

లోపల ఆడవాళ్ల మధ్య కూర్చున్న బతూల్ ఒక్కసారిగా వెనక్కి విరుచుకుంది... మగగొంతుతో గర్జించింది! ఆమె చేతులే ఆమె గొంతును నులుముతున్నాయి. ఆడవాళ్లు కెవ్వున అరుస్తూ గోడలకు అతుక్కుపోయారు.

"ఏం డాక్టరమ్మా, నీ చదువులో దీనికి మందుందా?" అన్నాడు బాబికిర్ కిటికీలోంచి.

ఇఖ్లాస్ అతడివైపు చూడలేదు. జార్‌లో ఆత్మను ఎవరూ తరమరు. కూర్చోబెట్టి, కోరిక అడిగి, రాజీ చేసుకుంటారు. ఆవిడ బతూల్ భుజాల మీద ఎర్రబట్ట కప్పి, అల్లం కాఫీ ముందు పెట్టింది.

"దూరం నుంచి వచ్చినట్టున్నావు, తాగు. నీకేం కావాలి నాయనా?"

నులుముతున్న చేతులు ఆగిపోయాయి.

"ఈ మాట నన్నెవరూ అడగలేదు..." అంది మగగొంతు. "కపాలంలో కట్టేసి వాడు ఊడిగం చేయించుకున్నాడు. నాకు వాడు కావాలి."

"మనుషుల్ని నేనివ్వను. ఈమెను వదిలెయ్. నిన్నిక్కడ ఎవరూ కట్టెయ్యరు. ఎటు పోతావో నీ ఇష్టం."

కాఫీ గిన్నె ఖాళీ అయింది. బతూల్ సోలిపోయింది... కిటికీ రెక్కలు ఫెళ్లున విరిగిపడ్డాయి!

బాబికిర్ గొంతును ఏవో చల్లని వేళ్లు పట్టుకున్నాయి. ఎర్రధూళిలో మోకాళ్ల మీద కూలబడి, నేర్చిన మంత్రాలన్నీ చదివాడు. బెదిరించాడు, బతిమాలాడు. ఏం కావాలని మాత్రం అడగడానికి అప్పటికీ అతడికి తోచలేదు. లోపల బతూల్ కళ్లు తెరిచి, ఇఖ్లాస్ భుజం మీద తల వాల్చింది. చివరి ఊపిరి పోతున్నా అతడి చూపు ఆ భుజం మీదే ఉంది, ఇంకా కుళ్లుకుంటూ.