నాయనమ్మ ఇంటర్వ్యూ

ఆ ఆదివారం పొద్దున తాండూరులో రాజేందర్ ఇంట్లో పండగ కాని పండగ. అతని తల్లి రామమ్మ తెల్లారకముందే తలస్నానం చేసి, బీరువా అడుగున దాచుకున్న పచ్చ చీర కట్టుకుని టీవీ ముందు కూర్చుంది. టీవీలో రాబోయేది ఆమే మరి! ఒక్కతే చూస్తే ఏం బాగుంటుందని పక్కింటి హాజిరాబీని కూడా పిలిచింది.

మనవరాలు సహస్ర వికారాబాద్‌లో డిజిటల్ మీడియా డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. అక్కడే ఒక స్టూడియోలో ఇంటర్న్‌షిప్. కందిపప్పు అమ్మే కంపెనీకి ఒక చిన్న వీడియో చేయమని స్టూడియో నడిపే మహిధర్ సార్ చెబితే, నాయనమ్మనే చేనుకు తీసుకెళ్లి మాట్లాడించింది. వీడియో నచ్చితే అక్కడే ఉద్యోగం ఇస్తానన్నాడాయన. "బాగుంది" అని మెసేజ్ వచ్చినప్పటి నుంచి పిల్లకు కాలు నేల మీద నిలవడం లేదు.

సెలవని ఇంటికొచ్చిన సహస్ర పక్కన నిలబడి చూస్తుండగా రాజేందర్ ఫోన్‌ను టీవీకి కలిపాడు. పచ్చని కందిచేను, నడుమ రామమ్మ. ఆమె నోరు కదిలింది. వినిపించింది మాత్రం ఎవరో పట్నం అమ్మాయి గొంతు.

"మా పూర్వీకుల కాలం నుంచి ఈ నేలలో కంది పండిస్తున్నాం..."

"అరే, రామమ్మక్కా! గా గొంతు నీది కాదు గదా?" అంది హాజిరాబీ.

రామమ్మ ముఖం చిన్నబోయింది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. హాజిరాబీ కూడా నొచ్చుకుని, మళ్లీ వస్తానంటూ ఇంటికి వెళ్లింది.

"మా అమ్మ నోరేంది, గా గొంతేంది?" రాజేందర్ గొంతు లేచింది.

"సార్ మార్పిచ్చిండు నాన్నా. మన మాట కొనేటోళ్లకు సమజ్ గాదన్నడు. నేను... సరే అన్న."

"సరే అన్నవా? నీకు మాటలు నేర్పిందే ఆమె. ఆమె మాట పనికిరాదంటే నువ్వెట్ల ఒప్పుకున్నవ్?"

"ఉద్యోగం వస్తదనుకున్న!" అంటూ సహస్ర ఏడ్చేసింది.

కళ్లు తుడుచుకుని వంటింట్లోకి వెళ్లింది. రామమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సహస్ర ఆమె పక్కనే చతికిలబడి చెయ్యి పట్టుకుంది.

"తప్పయింది నాయనమ్మా. నీ మాట తీసెయ్యొద్దుండె."

"మాట పోతే పోనియ్ బిడ్డా. దానికి గాదు నా బాధ. చేన్ల నన్ను ఏమడిగినవో యాదికుందా? తాత పేరు చెప్పుమన్నవ్."

సహస్ర బిక్కమొహం వేసింది.

"పెండ్లయినకాంచి నా నోట రాని పేరు. రేషన్ కార్డు రాసేటోళ్లు అడిగినా పక్కోళ్లతోనే చెప్పిచ్చిన. ఆయన పోయినంక గూడ అనలే. నువ్వడిగినవని చెప్పిన. నువ్వు తలకాయ సుత ఎత్తలే."

సహస్ర గబుక్కున లేచింది. లాప్‌టాప్ తెచ్చి, కోతలు పడని అసలు వీడియో పెట్టింది.

"తాత పేరు చెప్పు నాయనమ్మా" అని తన గొంతే వినబడింది. తెరమీది రామమ్మ కొంగు సర్దుకుంది. కాసేపు చేను వైపు చూసింది. సిగ్గుపడుతూనే ఇటు తిరిగింది.

"మల్లేశ్వర్."

వెంటనే కెమెరా వెనక నుంచి సహస్ర గొంతు: "జర పక్కకు జరుగు నాయనమ్మా, ఎండ పడ్తలేదు."

సహస్ర రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. అంత దగ్గర నిలబడి కూడా తను వినలేదు. వెలుతురు చూసింది, మైకు చూసింది, నాయనమ్మను చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ రాజేందర్ కళ్లు కూడా చెమర్చాయి. తన తండ్రి పేరు తల్లి నోట వినడం అతనికి అదే మొదలు.

"ఇయ్యాల్నే సార్‌తో మాట్లాడ్త" అంది సహస్ర వెక్కుతూనే. "నీ గొంతు పెడితేనే వీడియో. లేకుంటే గా ఉద్యోగమే నాకొద్దు."

రామమ్మ మనవరాలి కళ్లు కొంగుతో తుడిచింది.

"మాట్లాడు బిడ్డా. నా గొంతు పెడ్తనంటే పెట్టుమను. గని తాత పేరు మాత్రం తీసెయ్యి."

"ఎందుకు నాయనమ్మా? గంత మంచిగ చెప్పినవ్!"

"పప్పు కొనేటోళ్లకెందుకే గా పేరు? అది నీకు చెప్పిన."