బెన్నీని పిలిచిన మధ్యాహ్నం

వైశాఖ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

అర్ధరాత్రి ఒక్కటే దయ్యాల వేళ అనుకునేవాళ్లు అమాయకులు. సూర్యుడు నడినెత్తిన నిలిచి, మనిషి నీడ మనిషి పాదాల కిందికే దూరిపోయే ఆ ఘడియ అర్ధరాత్రికి స్వయానా తోబుట్టువు! ఖానాపూర్ అవతల, ఆకు రాలిన టేకు అడవి నడుమ, పాడుబడిన ఇటుకబట్టీ చుట్టూ ఆ వేళ గాలి స్తంభించిపోయింది. నిర్మేఘమైన ఆకాశంలో ఎక్కడో ఉరుము... దాని వెంటే ఒక గుడ్లగూబ కూత! పట్టపగలు గుడ్లగూబ కూసిన చోట మనిషన్నవాడు నిలబడకూడదు. కానీ ఆ దారినే ఒక స్త్రీ ఒంటరిగా నడిచి వస్తోంది.

ఆమె ఎలీసబెతు. నస్పూర్ బొగ్గుగని కాలనీలో ఉంటుంది. భర్త ఆశీర్వాదం ఊపిరితిత్తులు చెడి ఏనాడో కన్నుమూశాడు. మిగిలిన ఒక్కగానొక్క కొడుకు బెన్నీని పోయిన వానాకాలం గోదావరి ఒడ్డున ఎవరో వెనకనుంచి తల పగలగొట్టి చంపారు. ఎవరు? ఎందుకు? పగ లేదు, తగాదా లేదు, ఒంటిమీది వస్తువు ఒక్కటీ పోలేదు. పోలీసులు తాగుబోతుల పని అన్నారు. కొన్నాళ్లకు ఆ మాట అనడం కూడా మానేశారు. దేవుడికి వదిలెయ్యమ్మా అన్నారు పాస్టరుగారు. వదిలెయ్యడానికి అదేమన్నా చేతిసంచా! కడుపుకోత... కన్నది ఆమె, పోగొట్టుకున్నది ఆమె.

ఇప్పటికీ ఆమె చెయ్యి ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తుంది. మిగిలిన అన్నం పొద్దున కుక్కలకు వేస్తుంది. సాయంత్రం కాగానే కొడుకు నంబరుకు ఫోన్ చేస్తుంది. స్విచ్ఛాఫ్ అని చెప్పే ఆ ఆడగొంతు తప్ప రోజంతా ఆమెతో మాట్లాడేవాళ్లు లేరు. మొదట్లో వచ్చి వలవలా ఏడ్చినవాళ్లంతా ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఒకరి దుఃఖాన్ని లోకం ఎన్నాళ్లని మోస్తుంది? పక్కింటి బాలవ్వ మాత్రం ఒకనాడు గొంతు తగ్గించి, ఖానాపూర్ అడవిలో ఒకడున్నాడట, చచ్చినవాళ్ల చేత మాట్లాడిస్తాడట అని చెప్పింది. ఎలీసబెతు నిర్మల్‌లో చుట్టాలింటికి పోతున్నానని చర్చిలో అబద్ధమాడి ఇవాళ బయలుదేరింది.

ఆ ఒకడి పేరు దేవదాస్. మిషన్ హాస్టల్లో పెరిగి, చర్చిలో పాటలు పాడి, బైబిలు పట్టిన చేతులతోనే తరవాత కపాలం పట్టినవాడు! బట్టీ లోపల నేలమీద చితాభస్మంతో వలయం గీసి, కోసిన నిమ్మకాయలు, పసుపు, కుంకుమ చుట్టూ పరిచి, మధ్యలో ఆముదపు దీపం వెలిగించి కూర్చున్నాడు. దీపం ముందు ఎర్రగుడ్డ కప్పిన గుండ్రని వస్తువొకటి ఉంది. ఆమెను వలయంలో కూర్చోబెట్టి నియమం చెప్పాడు. ఈ గీత లోపల మాట ఊరికే పోదు. ఇక్కడ ఎవరేమి కోరినా తాను తథాస్తు అంటే అది జరిగి తీరుతుంది. ఆమె చెయ్యవలసిందల్లా కొడుకును మనసారా పిలవడం.

ఎర్రగుడ్డ కింద ఏముందో ఆమెకు తెలియదు. మనకు తెలియాలి కనుక చెబుతున్నాను... అది బెన్నీ కపాలం!

అవును. విధవరాలి ఏకైక పుత్రుడు, పెళ్లికానివాడు, కాల్చకుండా మట్టిలో పెట్టినవాడు... అటువంటి జీవుణ్ణి కన్నతల్లి నోరారా పిలిస్తే, వచ్చిన ఆ ఆత్మను మాంత్రికుడు కట్టేసుకోవచ్చు. ఆపైన అది వాడు బతికున్నంతకాలం వాడికి ఊడిగం చెయ్యాలి. ఆ పైశాచిక వాంఛతోనే దేవదాస్ బెన్నీని ఎంచుకున్నాడు. వాడే చంపాడు. వానలో సమాధి తవ్వి తల ఎత్తుకుపోయింది వాడే, బాలవ్వ చెవిన పడేలా కబురు వదిలింది కూడా వాడే. తల్లి తనంతట తాను కాళ్లీడ్చుకుంటూ వచ్చేదాకా సాలీడులా కాచుకుని కూర్చున్నాడు, పాపాత్ముడు.

"హ్రీం... హ్రౌం... ప్రేతబంధనాయ..." మంత్రోచ్చారణ బట్టీ గోడలకు కొట్టుకుని ప్రతిధ్వనించింది. దీపశిఖ నీలమైంది. బయట ఉరుము దగ్గరికి జరిగింది. దేవదాస్ కళ్లు తెరవకుండానే అన్నాడు.

"ఇగ పిలువు చెల్లె."

పిలవబోయింది ఎలీసబెతు. అంతలోనే ఆగింది. గంజి తాగేముందైనా, బస్సెక్కేముందైనా ప్రార్థన చేసుకోనిదే ఆమెకు ఏ పనీ సాగదు. ఇది చెయ్యకూడని పని అని తెలుసు. అయినా అలవాటు అలవాటే! కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుంది.

"ప్రభువా... నా బిడ్డను సంపినోన్ని నా బిడ్డ చేతికే అప్పజెప్పు తండ్రీ."

"ఆమెన్," అన్నాడు దేవదాస్.

అన్నాక గాని వాడికి తెలియలేదు ఏమన్నాడో! హాస్టల్లో ఆ మాట అననిదే కంచంలో చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు. ఆకలి కడుపుతో నేర్చుకున్న మాట అది. కొత్త మంత్రాలన్నీ నేర్చిన నాలుక ఆ పాత మాటను మరవలేదు. అలాగే జరుగుగాక అని తన వలయంలో, తన నోటితో, తన మరణానికి తానే తథాస్తు పలికాడు. వాడి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది.

ఎర్రగుడ్డ దానంతటదే జారింది... కపాలం! వెనకవైపు పగులుతో, ఇంకా మట్టి అంటుకుని ఉన్న కపాలం! ఎలీసబెతు శరీరం ఒక్కసారి విల్లులా వంగి నిటారుగా లేచింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి. జుట్టు విడివడింది. ఆమె కంఠంలోంచి పడుచు మగవాడి గొంతు మెల్లగా వెలువడింది.

"దేవదాసన్నా... తాగనీకి నీళ్లడిగినవ్. ముంచిద్దామని వంగిన. గప్పుడు ఎనుకనుంచి కొట్టినవ్. నన్ను కట్టేసి ఊడిగం చేపిచ్చుకోనీకే గద."

"నిన్ను కట్టినోన్ని నేను! నా మాట ఇను!" దేవదాస్ విభూది చల్లాడు, నిమ్మకాయలు విసిరాడు, వచ్చిన మంత్రాలన్నీ కలగాపులగంగా చదివాడు. ఏదీ పనిచెయ్యలేదు. పారిపోదామని గీత దాటబోతే కాలు పైకి లేవలేదు. ఆమె వాడిని తాకలేదు. కనీసం అడుగైనా ముందుకు వెయ్యలేదు. ఉన్నట్టుండి పెళపెళారావంతో బట్టీ నెత్తిన పిడుగు గర్జించింది. కొట్టిన చెయ్యి కనబడలేదు గానీ దెబ్బ మాత్రం పడింది! తల వెనక భాగాన, సరిగ్గా బెన్నీకి పడిన చోటే పడింది. వాడి కేక అడవి దాటకముందే అణిగిపోయింది. దేవదాస్ తాను గీసిన బూడిద మీదే బోర్లా పడి ప్రాణం విడిచాడు.

దీపం కొండెక్కింది. ఎలీసబెతుకు స్పృహ ఉంది. తన నోరు పలికిన ప్రతి మాటా తానూ విన్నది. కొడుకు వచ్చాడు, కానీ ఎదురుగా లేడు. తడుముకుంటే తన ముఖమే తగిలింది, ముద్దు పెట్టుకుందామంటే పెట్టుకోవడానికి లేడు.

"బిడ్డా... నా తాన్నే ఉంటవా?"

అదే నోరు జవాబిచ్చింది. "నువ్వు పొమ్మనేదాక ఉంటనే అవ్వా."

ఇన్నాళ్లకు ఆ తల్లి గుండె నిండింది! ఇక ఇంట్లో రెండు గొంతులుంటాయి. తాను తింటే వాడు తిన్నట్టే. ఎవరేమనుకుంటే ఏమిటి, పిచ్చిదంటే అననీ! అనుకుంటూనే తల వెనక చెయ్యి పెట్టుకుంది. అక్కడ ఏదో పగిలిపోతున్నట్టు పోటు పుడుతోంది. అది తన నొప్పి కాదని ఆమెకు అర్థమైంది.

"నొస్తుందా నాయినా?"

ఆ నోరే మళ్లీ పలికింది.

"గీడున్నన్ని దినాలు గిట్లనే నొస్తదే. పర్వాలేదు అవ్వా, నేనోర్సుకుంట."

నేనోర్చుకుంటానట! ఆ మాట విన్నాక ఏ తల్లి ఉంచుకుంటుంది? ఆమె కపాలాన్ని ఒళ్లోకి తీసుకుంది, దాని మట్టి కొంగుతో తుడిచింది. వద్దు, వద్దు అని లోపల ప్రాణమంతా మొత్తుకుంటుంటే కూడా నోటితో ఆ మాట అన్నది.

"పో బిడ్డా. మీ బాపు కాడికి పో."

ఒక పెద్ద నిట్టూర్పు బయటికి వెళ్లింది. దానితోపాటే తల వెనక నొప్పి పోయింది. మళ్లీ పిలిచింది, బెన్నీ అని. ఆ గొంతు ఉత్త ఎలీసబెతుదే.

కపాలాన్ని కొంగులో మూట కట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరితోనూ పలక్కుండా నస్పూర్ చేరింది. పొద్దుగూకే వేళకు సమాధి మట్టి చేతులతోనే తోడి, బిడ్డది బిడ్డకు అప్పజెప్పి, మళ్లీ కప్పింది. ఇంటికొచ్చి తాళం తీసింది. ఎవరు చంపారో తెలిసింది. ఎందుకో కూడా తెలిసింది. ఇన్నాళ్లూ ఆ ఒక్కటి తెలుసుకోవడం కోసమే బతికింది. తెలిసిందని చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.