కిందికి జారిన పొగ

నొప్పంటే ఏమిటో తెలియని గూఢచారి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. అతని కథ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. శత్రువులు ఒకసారి అతని అరికాల్లో గుండుసూది దించితే, "అయిందా? ఇక బూట్లేసుకోనా?" అని అడిగాడు. అంతటి మొనగాడు! డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ మొద్దు.

ఆ మధ్యాహ్నం చీఫ్ అతని ముందు ఒక ఫోటో పడేశాడు. చిటికెన వేలంత ప్లాస్టిక్ గొట్టం. అడుగున కన్నీటి బొట్టంత సరుకు.

"ఏముంది సార్ ఇందులో?"

"రీకాంబినెంట్ ప్రోటీన్. మనిషి జీన్ ముక్కని బాక్టీరియాలో పెట్టి, దానిచేత తయారు చేయించారు. షుగర్ జబ్బులో నరాలెందుకు చస్తాయో తేల్చడానికి. డాక్టరమ్మ రెండేళ్ల కష్టం. మంచి బ్యాచ్‌లో మిగిలింది ఇదొక్కటే. గడ్డకట్టించి దాచారు. కరిగిందా, పోయినట్టే."

"ఎవరి కన్ను పడింది?"

"విదేశీ ముఠా. దీన్ని శాంపిల్‌గా చూపించి, మందని చెప్పి, జనానికి ఉప్పునీళ్లు ఎక్కిస్తారట. ఇవాళ టీ టైమ్‌లో ఎత్తేస్తారు. లోపల మన ఏజెంట్ గులాబి ఉంది, నీ శిష్యురాలే. కోడ్: 'మంచు పేరుకుందటగా?' జవాబు: 'గీకినా వదలడం లేదు.'"

ఇక్కడ నేనొక మాట వెనక్కి తీసుకోవాలి. మొద్దుది మొనగాడితనం కాదు, పదహారేళ్ల షుగరు. మోకాళ్ల కింద, మణికట్ల కింద ఏమీ తెలియదు. ఆ గుండుసూది శత్రువులు దించిందీ కాదు. ఇంట్లో కుట్టుమిషను దగ్గర తొక్కాడు. రెండు రోజుల తర్వాత భార్య చూసి కెవ్వుమంది. ఈమధ్య ఆ తిమ్మిరి కాళ్లూ చేతుల దగ్గరే ఆగడం లేదు. కూతురి పెళ్లి కుదిరిందంటే "ఊఁ" అన్నాడు. తమ్ముడు పోయాడంటే కూడా అదే "ఊఁ".

ఫ్రీజర్ మెకానిక్ వేషంలో, కెమెరా దాచిన స్క్రూడ్రైవర్‌తో డాక్టరమ్మ ల్యాబున్న రెండో అంతస్తు చేరాడు. వరండాలో ఫ్రీజర్లు వరసగా గురక పెడుతున్నాయి. ఒక్కోదాని తలుపు మీద టేపు ముక్క, దాని మీద పెన్నుతో రాసిన పేరు. సరుకు లిఫ్టు ముందు గులాబి నిలబడి ఉంది. తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్, చేతిలో ఎర్ర ఫ్లాస్కు.

"మంచు పేరుకుందటగా?"

"గీకినా వదలడం లేదు. టీ తాగుతారా గురువుగారూ?"

మొద్దు ఫ్లాస్కు వైపు చూశాడు. టీ ఆవిరి పైకి పోవాలి. ఈ పొగ మూత సందులోంచి కిందికి జారుతోంది. డ్రై ఐస్! అంటే గొట్టం అందులోనే ఉంది.

"ఇదేం టీ అమ్మా?"

గులాబి నవ్వింది. "కళ్లు మాత్రం మొద్దుబారలేదే! రండి. కింద కారులో వాళ్ల డాక్టరున్నాడు. మొదటి డోసు మీకే. ఇసుక మీద నడిస్తే మళ్లీ ఇసుకని తెలుస్తుంది."

మొద్దు ఇసుక ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయాడు. రాలేదు.

"గొట్టం మీద ఏం రాసుంది?"

"పరిశోధనకు మాత్రమేనని. అబ్బ, రాసినవన్నీ ఎవరు పాటిస్తారండీ!"

చటుక్కున లిఫ్టులో దూరి బటన్ నొక్కింది. పాతకాలపు ఇనప తలుపు. మనిషి అడ్డమొచ్చినా ఆగే రకం కాదు. మొద్దు సందులో కాలు పెట్టాడు. తలుపు కరిచింది. అతను మాత్రం పక్కింటివాళ్ల కాలేదో ఇరుక్కున్నట్టు తాపీగా నిలబడ్డాడు.

"తీయండి గురువుగారూ, విరుగుతుంది!"

"విరిగిందనుకుంటా. నీకేమైనా చప్పుడు వినబడిందా?"

గులాబి ఫ్లాస్కులోంచి గొట్టం తీసి ఒట్టి పిడికిట్లో బిగించింది. "కాలు తీస్తారా, కరిగించేయనా?"

డ్రై ఐస్ చలి, మైనస్ డెబ్బై ఎనిమిది డిగ్రీలు. రెండు క్షణాలు పళ్లు బిగపట్టింది. మూడో క్షణం "అమ్మో!" అని చెయ్యి విదిలించింది. నొప్పి తెలిసిన మనిషి కదా. ఎగిరిన గొట్టాన్ని మొద్దు అరచేత్తో అందుకుని, కూరగాయ పట్టుకున్నంత మామూలుగా ఆమె చేతిలోని ఫ్లాస్కులో పడేసి, ఫ్లాస్కు లాక్కున్నాడు. స్క్రూడ్రైవర్ కెమెరాలో చీఫ్ అంతా చూస్తూనే ఉన్నాడు; కింద కారుని గార్డులు చుట్టుముట్టిన కేకలు వినిపించాయి.

డాక్టరమ్మ పరుగున వచ్చి, గొట్టాన్ని ఫ్రీజర్‌లో పెట్టింది. తర్వాత మొద్దు బూటు చూసి నిలువునా ఉలిక్కిపడింది.

"అయ్యో బాబూ, కాలికి నొప్పిగా ఉందా?"

లేదనబోయాడు. అప్పుడే కాలి చిటికెన వేల్లో సన్నగా, చీమ కుట్టినట్టు, చురుక్కుమంది.

"ఉందమ్మా," అన్నాడు. పదహారేళ్లకి అతని కళ్లు తడిశాయి.

అన్నీ జరిగినట్టే రాశాను. లిఫ్టూ, లిప్‌స్టిక్కూ, కిందికి జారిన పొగా, ఏదీ నా సొంతం కాదు. ఆ చిటికెన వేలి చురుకు ఒక్కటే నేను కల్పించింది. డాక్టరమ్మ అడిగినప్పుడు అతను నిజంగా అన్నది రెండే మాటలు:

"ఏ కాలికి?"